ట్యాంకరు వెనక తెల్ల వ్యాను

పోయినవారం భాగం చివర తమ్ముణ్ణి స్టేషన్లోనూ, అమ్మని స్టేషన్ బయట బెంచీ మీదా వదిలేసి నేను ఆఫీసుకి పరిగెత్తాను. "తమ్ముడు లాకప్‌లో ఉంటే దీనికి ఆఫీసు గోలేంటి?" అని మీరు నన్ను తిట్టుకునే ఉంటారు. తిట్టుకుంటే తిట్టుకోండి. వాణ్ణి పట్టిచ్చింది మా ఆఫీసే. విడిపించాల్సింది కూడా మా ఆఫీసే.

కొత్తగా చదివేవాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. వాన పడుతున్న ఓ మధ్యాహ్నం పెద్ద కూడలిలో రోడ్డు దాటుతున్న దర్జీని ఓ తెల్ల వ్యాను పక్కనుంచి తగిలి పడేసి వెళ్లిపోయింది. కుట్టిన బట్టల మూట ఒక పక్క, మనిషి ఒక పక్క. ఆయనకి ఇప్పటికీ స్పృహ రాలేదు. కెమెరాలు ఆ వ్యాను వెంటపడి వంతెన దగ్గర టోలు గేటు దాకా పోయి, వానలో అంతవరకూ కనపడని నంబరు ప్లేటు అక్కడ చదివాయి. ఆ ప్లేటు మా తమ్ముడిది. వాడు షాపులకి రంగుల డబ్బాలు వేసే వ్యాను నడుపుతాడు. "ఆ దారినే వచ్చాను గానీ ఎవర్నీ గుద్దలేదక్కా, నీ మీద ఒట్టు" అని నా తల మీద చెయ్యి పెట్టి మరీ చెప్పాడు. వ్యాను మీద దెబ్బలేమైనా ఉన్నాయా అని పోలీసులు చూశారు. ఎందుకు లేవు? ఆ వ్యాను నిండా దెబ్బలే. గీతల్లేని డెలివరీ వ్యాను ఈ లోకంలో ఎక్కడైనా ఉందా?

ఇంట్లో వాణ్ణి చిన్నోడు అంటాం. గడ్డాలొచ్చినా చిన్నోడే. వాణ్ణి చంకనేసుకుని తిరిగీ తిరిగీ నా నడుం ఒక పక్కకి ఒరిగిపోయిందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. వాడికి నేనంటే భయం, నాకు వాడంటే ప్రాణం. అంతే సంగతి.

ఇక మా గది, అంటే ఊళ్లో రోడ్డు కెమెరాల బొమ్మలన్నీ వచ్చిపడే చోటు. నేను టీవీ చూసే ఉద్యోగం చేస్తున్నానని మా అమ్మ అందరికీ చెప్పుకుంటుంది. ఒక రకంగా నిజమే. రోడ్డు మీద కదిలే ప్రతి బండి చుట్టూ కంప్యూటరు ఒక పెట్టె గీసి, దానికో అంకె ఇస్తుంది. బండి కదిలితే పెట్టె కూడా దాని వెంటే కదులుతుంది. ఇంతవరకూ దాని తెలివికి దణ్ణం పెట్టాల్సిందే. కానీ ఆ బండి ఏ బస్సు వెనక్కో, చెట్ల చాటుకో పోయిందనుకోండి, పెట్టె మాయం. మళ్లీ బయటికొచ్చిందంటే కంప్యూటరుకి అది అప్పుడే పుట్టిన బండి. చంటిపిల్లల మొహం మీద కొంగు కప్పి తీస్తే మనల్ని కొత్తగా చూస్తారు చూడండి, అలాగన్నమాట. కొత్త అంకె ఇచ్చేస్తుంది. "ఒసే పిచ్చిదానా, ఇది అదే" అని పాత అంకెనీ కొత్త అంకెనీ కలిపేది మేము. దాన్ని మా గదిలో ముడి వెయ్యడం అంటాం. మరీ తేలికనిపించిన చోట కంప్యూటరే ముడేసుకుంటుంది. అనుమానమొచ్చినప్పుడు మమ్మల్ని అడుగుతుంది.

మా తమ్ముడి కేసులో ఒక ముడి మనిషి వేసింది. ఎవరు వేశారో దాని పక్కనే ఉంటుంది. పిన్ని వేసింది.

పిన్ని అంటే మా బంధువేం కాదు. గదిలో అందరికంటే పెద్దావిడ. అందరం పిన్ని అంటాం. నాకు ఈ పని నేర్పింది కూడా ఆవిడే. అందుకే మరీ మండింది నాకు.

నేను వెళ్లేసరికి గదిలో ఏసీ ఎప్పట్లాగే బకెట్లోకి కారుతోంది. కిటికీలకి అంటించిన నల్లకాగితం ఓ మూల ఊడి, సన్నటి ఎండ సూపర్‌వైజరు బట్టతల మీద పడుతోంది. ఆయన్ని మేం "మెల్లగా సారు" అంటాం. నిప్పంటుకుందని చెప్పినా ఆయన "మెల్లగా అమ్మా, మెల్లగా" అంటాడు.

"సార్, ఆ కూడలి వీడియో తెరవాలి" అన్నాను, చెప్పులు కూడా విప్పకుండా.

"మెల్లగా అమ్మా. నీ తమ్ముడి కేసది. నువ్వు ముట్టుకోకూడదు. నా ఉద్యోగం కూడా పోతుంది."

"ముట్టుకోను. దూరంగా నిలబడి చూపిస్తాను. మౌసు పిన్ని చేతికే ఇవ్వండి. వేసిన చేత్తోనే విప్పుతుంది."

గదిలో టకటకలు ఆగిపోయాయి. పిన్ని కళ్లజోడు పైకి తోసుకుని నావైపు తిరిగింది.

"ఏం విప్పాలే?"

"నువ్వు కళ్లు మూసుకుని వేసిన ముడి."

"చూడవే భూతద్దం" అంది పిన్ని. అది మా గదిలో నా పేరు. "నోరుంది కదా అని పారేసుకోకు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఎన్ని ముడులేస్తామో నీకు తెలీదా? తెల్ల వ్యాను ట్యాంకరు వెనక్కి వెళ్లింది, తెల్ల వ్యాను బయటికొచ్చింది. నువ్వైతే ఏం చేసేదానివి?"

"చూసేదాన్ని!"

"ఏం చూసేదానివి? ట్యాంకరునా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నా ఒళ్లు భగ్గుమంది.

"ట్యాంకరు కింద చూసేదాన్ని!"

నిజానికి ఆ సంగతి నాకు స్టేషన్లో కూర్చున్నప్పుడే తట్టింది. ఇన్‌స్పెక్టరు తన ఫోన్లో ఆ వీడియో ముక్క మా అమ్మకి చూపించాడు. మా అమ్మ ఏడుస్తోంది, నేను ట్యాంకరుని చూస్తున్నాను. కూడలి దాటాక రోడ్డు తవ్వుతున్న చోట నీళ్ల ట్యాంకరు ఒకటి అడ్డంగా నిలబడి ఉంది. ఎత్తు ట్యాంకరు. దాని కడుపు కింద, చక్రాలకీ చక్రాలకీ మధ్య, అవతలి తడిరోడ్డు ఒక చారలా కనిపిస్తుంది. ఆ చారలో ఏవో కదిలాయి. ఫోను చిన్నది, నా కళ్లలో నీళ్లు, సరిగ్గా ఆనలేదు. అందుకే పరిగెత్తుకొచ్చాను.

మెల్లగా సారు ఓసారి తలుపు వైపు చూసి, ఓసారి నావైపు చూసి, చివరికి పిన్నితో "తియ్యండి, చూద్దాం" అన్నాడు.

పిన్ని వీడియో తెరిచింది. వాన, గొడుగులు, హారన్లు లేని రోడ్డు. మా బొమ్మలకి శబ్దం ఉండదు. ఎన్ని బళ్లో! ఆటోలు, మోటారు సైకిళ్లు, ఓ బస్సు, వాటి మీద పెట్టెలు, పెట్టెల మీద అంకెలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి ముసురుకున్నాయి. ఆ గందరగోళంలో తెల్ల వ్యాను వచ్చింది. దర్జీ దాటుతున్నాడు. తగిలింది. ఆయన పడ్డాడు. నేను ఆ ముక్క ముందే చూశాను, అయినా పిన్ని కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాను.

వ్యాను ట్యాంకరు వెనక్కి పోయింది. పెట్టె ఆరిపోయింది.

"ఇప్పుడు బొమ్మ బొమ్మగా జరుపు. ట్యాంకరు పైన చూడకు. కింద చూడు."

పిన్ని జరిపింది. గది మొత్తం మా వెనక చేరిపోయింది. ట్యాంకరు కింది చారలో, కుడిపక్కన, ముందునుంచే రెండు టైర్లు నిలబడి ఉన్నాయి. కదలడం లేదు. అంటే అక్కడ ఇంకో బండి ముందే ఆగి ఉంది. ఇప్పుడు ఎడంపక్కనుంచి వేరే టైర్లు వచ్చాయి. గుద్దిన వ్యానువి. వచ్చి ఆగాయి. ఆగిపోయాయి. కాసేపటికి కుడిపక్క టైర్లు కదిలి ముందుకెళ్లాయి. ట్యాంకరు చాటునుంచి తెల్ల వ్యాను ఒకటి బయటికొచ్చింది.

"ఆపు!" అన్నాను. అరిచానేమో కూడా. "ఇదిగో, దీనికే కదా నువ్వు ముడేసింది? ఇది ముందునుంచీ అక్కడున్న వ్యాను! గుద్దింది ఇంకా ట్యాంకరు వెనకే ఉంది, చూడు, టైర్లు అక్కడే!"

పిన్ని ఇంకొంచెం జరిపింది. ఆ మిగిలిన టైర్లు అలాగే ఉన్నాయి. చాలాసేపు ఉన్నాయి. తర్వాత కదిలి, రెండో తెల్ల వ్యాను బయటికొచ్చింది.

"రెండున్నాయి" అన్నాడు మెల్లగా సారు. ఆయన గొంతు కూడా మెల్లగా లేదు.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంతటితో నా నోరు ఊరుకుంటుందా? "చూడండి సార్, ఆ గుద్దినవాడు! మనిషిని పడేసి, ట్యాంకరు చాటున ఆగాడు. తెలుసు వాడికి. తెలిసే ఆగాడు. దిగాడా? లేదు. గుండె దడ తగ్గేదాకా కూర్చుని, చల్లగా జారుకున్నాడు. ఛీ, ఏ తల్లి కన్నదో! వాడి చేతులు పడిపోను!"

"మెల్లగా అమ్మా" అన్నాడు సారు.

"ఏం మెల్లగా సార్? వాడు చేసిన పనికి మా తమ్ముడు లాకప్‌లో ఉన్నాడు. మా అమ్మ ముద్ద ముట్టలేదు. ఇదంతా ఎవరివల్ల?" అని పిన్ని వైపు తిరిగాను. "చూడకుండా ముడేసినందువల్ల. ఒక్క క్షణం కిందకి చూసుంటే సరిపోయేది. నాకు పని నేర్పినప్పుడు ఏం చెప్పావు? కనపడనంతసేపూ అది ఏదైనా కావచ్చు, అనుకోకు, చూడు అన్నావా లేదా? నాకు చెప్పి నువ్వు మర్చిపోయావా?"

పిన్ని మొహం పాలిపోయింది. మౌసు కదిపి, తను వేసిన ముడి తనే విప్పింది. గుద్దిన వ్యానుకీ, వెనకొచ్చిన రెండో వ్యానుకీ ముడేసింది. కంప్యూటరు చకచకా మిగతా దారంతా మళ్లీ లెక్కేసుకుంది. ట్యాంకరు దగ్గర వెనకొచ్చిన వ్యాను, గేటు దగ్గర కూడా వెనకే వచ్చింది. ప్లేటు చదివింది. మా తమ్ముడిది కాదు. ఐసు దిమ్మలు వేసే వ్యానుది.

గదిలో చప్పట్లు కొట్టారు. సినిమా హాల్లోలాగా! సారు అప్పటికప్పుడు ఇన్‌స్పెక్టరుకి ఫోను చేశాడు. "పొరపాటు మా వైపునుంచే జరిగిందండీ" అని చెప్తూ పిన్ని వైపు చూడకుండా గోడవైపు తిరిగాడు. ఆ మర్యాద ఆయనకుంది.

ఆ తర్వాత పనులు ఎంత తొందరగా జరిగాయంటే, నాకే ఆశ్చర్యం. భోజనాల వేళకి అమ్మ ఫోను చేసింది. "ఊరు దాటొద్దని చెప్పి పంపించేశారే! చిన్నోణ్ణి ఇంటికి తీసుకెళ్తున్నాను. నీ చేతులకి బంగారు గాజులు చేయించాలే!" అంది. అమ్మ దగ్గర ఇత్తడి గాజులకి కూడా దిక్కులేదు. నేను బాత్రూములోకి వెళ్లి, కుళాయి తిప్పి, తనివితీరా ఏడ్చాను.

బయటికొచ్చేసరికి సారు అంటున్నాడు, "గేటు దాకా దారంతా ఒకసారి చూసి, సరిగ్గా ఉందని పంపెయ్యండి పిన్నీ. ఇన్‌స్పెక్టరు అడుగుతున్నాడు. ఐసు వ్యానువాణ్ణి తీసుకొచ్చేశారట."

"నా చూపు మీద ఈవిడకి నమ్మకం లేదుగా" అంది పిన్ని, తన సంచీ సర్దుకుని మూల సీటుకి మారుతూ. "ఆవిణ్ణే చూసుకోమనండి. రేపు మళ్లీ నన్ననకుండా."

సారు నీళ్లు నమిలాడు. "నువ్వు ముట్టుకోకూడదు గానీ... సరే, చూడు. పంపే ముందు నేనొచ్చి నొక్కుతాను" అని టీకి పోయాడు.

నేను కూర్చున్నాను. నిజం చెప్పనా? చూడాల్సిన అవసరం నాకు కనిపించలేదు. కానీ రేపు ఎవడో లాయరు వచ్చి గోకితే ఊడిపోకూడదు కదా. చిన్నోడి విషయంలో ఒక్క పోగు కూడా వదులుగా ఉండకూడదని మొదలుపెట్టాను.

ట్యాంకరుకీ గేటుకీ మధ్య రోడ్డు పొడుగునా చెట్లున్నాయి. కొమ్మలు కిందకి దిగి, బళ్లన్నీ కాసేపు ఆకుల చాటుకి పోతాయి. అక్కడ కంప్యూటరే ముడేసుకుంది. దానికి అనుమానం రాలేదు. ముందు వెళ్లింది ముందు వస్తుంది, వెనక వెళ్లింది వెనక వస్తుంది. అంత తేలిక.

ఆకులంటే గోడ కాదు. మధ్యమధ్య సందులుంటాయి. ఆ సందుల్లోంచి తెల్లగా తళుక్కుమంటూ బండి పోవడం తెలుస్తుంది. నేను ముందు వ్యానుని చూస్తూ పోయాను. ట్యాంకరు వెనక మొదటినుంచీ ఆగి ఉన్నదాన్ని. మన చిన్నోడిది అనుకుంటున్నదాన్ని. ఒక సందు, రెండో సందు, మూడో సందు. అక్కడ ఆగింది.

మూడో సందు తెల్లగానే ఉండిపోయింది.

ముందుకి జరిపాను. తెల్లగానే ఉంది. ఎందుకాగాడు వీడు? ఆ చెట్ల కింద జ్యూసు బండి ఒకటి ఉంటుంది, నేను రోజూ చూస్తాను. ట్యాంకరు ఆగిన చోట కూడా ఓ చేపల దుకాణం ఉంది. వీటి ముందు ఆగి ఆగి పోయేది ఎవరు? రంగుల డబ్బాలవాడా?

కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నాను.

అప్పుడు వెనకనుంచి రెండో తెలుపు వచ్చింది. మొదటి సందు. రెండో సందు. మూడో సందులో ఆ నిలబడ్డ తెలుపుకి అవతలగా, ఒక్క క్షణం రెండూ కలిసిపోయి, వెడల్పుగా అయి, మళ్లీ విడిపోయాయి. నాలుగో సందు. ఐదో సందు. దాటేసింది. మూడో సందు ఇంకా తెల్లగానే ఉంది.

చెట్ల చాటునుంచి ముందు బయటికొచ్చింది గుద్దిన వ్యాను. గేటు దగ్గరికి ముందు వచ్చింది అదే. గేటు దగ్గర ముందు చదివిన ప్లేటు మా తమ్ముడిది.

వెనక్కి తిప్పాను. మళ్లీ చూశాను. కళ్లు తుడుచుకుని చూశాను. తెరమీద దుమ్మేమో అని కొంగుతో తుడిచి చూశాను. ఎన్నిసార్లు చూసినా మూడో సందు అలాగే ఉంది. ట్యాంకరు దగ్గర పిన్ని చేసిన తప్పుని చెట్ల దగ్గర కంప్యూటరు చేసిన తప్పు సరిచేసింది. రెండు తప్పుల మీద నడిచి పోలీసులు సరైన ఇంటికే వచ్చారు. నేను ఒక తప్పు దిద్ది, ఊరూపేరూ తెలియని ఐసు దిమ్మలవాణ్ణి స్టేషనుకి పంపించాను.

ఛీ, ఏ తల్లి కన్నదో అన్నాను కదా. ఏ తల్లో నాకు తెలుసు. వాడి చేతులు పడిపోను అన్నాను. నన్ను ముట్టుకుని ఒట్టేశాడు వెధవ. నన్ను ముట్టుకుని!

"ఏమైందే?"

పిన్ని. ఎప్పుడొచ్చిందో, టీ కప్పుతో నా పక్కన నిలబడి ఉంది. నేను తెర మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఎంత పిచ్చిదాన్ని, అరచేత్తో అంత తెర దాగుతుందా? ఆవిడ వంగి చూసింది. ఒక్కసారే చూసింది. ఇన్నేళ్లుగా ఈ పని చేసిన మనిషి, ఆవిడకి చాలు.

"అయ్యో తల్లీ" అంది.

"పిన్నీ, అది ఆకులు కదా. ఆకులు కదిలుంటాయి. గాలికి..." అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"గాలికి ఆకులు తెల్లబడతాయా?"

"అడగలేదు కదా కంప్యూటరు. అడిగితేనే కదా మనం చూడాలి. అది వేసుకున్న ముడి మనకెందుకు? ఎవరూ చూడరు పిన్నీ. నువ్వు చూడలేదనుకో."

పిన్ని టీ కప్పు టేబుల్ మీద పెట్టింది. నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొట్టుంటే బాగుండేది.

"పొద్దున అందరి ముందూ నన్ను నానా మాటలూ అన్నావు. పడ్డాను. చూడకుండా వేశాను, తప్పే. ఇప్పుడు నువ్వు చూసి కూడా వేస్తావా?"

"వాడు నా తమ్ముడు."

"తెలుసు."

"మా అమ్మ చచ్చిపోతుంది పిన్నీ."

ఆవిడ నా తల మీద చెయ్యి వేసింది. "నేను సారుకి చెప్పను. నాకు చెప్పాలని లేదు. నీ ముడి నువ్వే విప్పుకుంటావో, ఉంచుకుంటావో నీ ఇష్టం. కానీ రేపటినుంచి నా పక్కన కూర్చుని ఎవర్నీ 'చూడు, చూడు' అని సతాయించకు" అంది. ఆ చెయ్యి మాత్రం తియ్యలేదు.

అంతలో తలుపు తెరుచుకుంది. సారు లోపలికొచ్చాడు. ఆయన వెనక ఒకావిడ. తడిసిన చీర అంచు, చేతిలో బండి కాగితాలున్న ప్లాస్టిక్ కవరు. మా గదిలోకి బయటివాళ్లు రాకూడదు. సారు మొహం చూస్తే ఆవిణ్ణి మెట్ల మీద ఎంతసేపు ఆపాడో, ఎలా ఆపలేకపోయాడో తెలుస్తోంది.

"ఐసు వ్యానతని భార్యటమ్మా. వెళ్లమంటే వెళ్లడం లేదు. నువ్వొక్క మాట చెప్పు, నమ్ముతుంది" అన్నాడు నాతో.

ఆవిడ నా దగ్గరికొచ్చి నిలబడింది. ఏడవడం లేదు. ఏడ్చి ఏడ్చి ఆపేసిన మొహం అది. పొద్దున మా అమ్మ మొహం అలాగే ఉంది.

"మీరేనంట కదక్కా, బాగా చూస్తారంట. తమ్ముణ్ణి ఇట్టే విడిపించుకున్నారని స్టేషన్లో అందరూ చెప్పుకుంటున్నారు. మా ఆయన కుక్క అడ్డమొచ్చినా దిగి చూసే మనిషి. దారిలో అందరికీ ఐసేసుకుంటూ పోయానే తప్ప నాకేం తెలీదంటున్నాడు. వాళ్లు నమ్మడం లేదు. వీడియో అబద్ధం చెప్పదంటున్నారు. మాకెవరూ లేరు ఇక్కడ పనిచేసేవాళ్లు. ఇంకొక్కసారి చూడండక్కా. మీ తమ్ముడికి చూసినట్టే చూడండి."

"చూసేసిందమ్మా, మొత్తం చూసింది" అన్నాడు సారు, నా భుజం మీదుగా వంగుతూ. "ఏమ్మా, అంతా సరిగ్గానే ఉందిగా? నొక్కెయ్యనా?"

ఆయన చెయ్యి మౌసు మీదకి వచ్చింది. నా ఫోను మోగింది. అమ్మ. నేను ఎత్తాను. ఎందుకెత్తానో తెలీదు, సారు చెయ్యి ఆపడానికేమో.

"చిన్నోడు అన్నం తింటున్నాడే" అంది అమ్మ. ఎన్నాళ్లకో ఆ గొంతులో నవ్వు విన్నాను. "నీతో మాట్లాడతాడంట, ఇదిగో."

ఫోను చేతులు మారింది. పళ్లెం పక్కకి జరిగిన చప్పుడు. తర్వాత వాడి గొంతు, బాగా కిందకి దించి, అమ్మకి వినపడకుండా.

"అక్కా... ఆ ఐసు వ్యానువాణ్ణి పట్టుకున్నారంట కదా. ఒప్పుకున్నాడా?"

బాగున్నావా అనలేదు. బతికించావక్కా అనలేదు. ఒప్పుకున్నాడా అన్నాడు.

ఆ ఆడమనిషి నా మొహమే చూస్తోంది. పిన్ని చూడకుండా ఉండటానికి కిటికీ వైపు తిరిగింది. సారు వేలు మౌసు మీదే ఉంది. నేను ఆ చేతిని పట్టుకుని మెల్లగా పక్కకి తీశాను.

"చిన్నోడా" అన్నాను ఫోన్లో. గది మొత్తానికి వినపడుతుందని తెలిసే అన్నాను. "ట్యాంకరు వెనక అంతసేపు ఆగావు కదరా. ఎందుకు దిగలేదు?"

వాడి ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఆ వెనకాల ఎక్కడో మా అమ్మ, "ఇంకొంచెం పెట్టనా నాన్నా?" అని అడుగుతోంది.